కర్నూలు నవాబులూ మా బాయీ

చరిత్ర నా సబ్జెక్టు కాదు. నేను బి.యస్సీ. విద్యార్థిని. ఈ సంచికకు కర్నూలు నవాబుల మీద వ్యాసం రాస్తానంటే హాస్టల్లో మిత్రులు నవ్వారు. "రికార్డు పూర్తి చెయ్యలేదు గానీ నవాబుల కథ కావాల్సి వచ్చిందిరా నీకు" అన్నారు. వాళ్ళన్నది నిజమే. అయినా ఈ నాలుగు మాటలూ రాయకుండా వుండలేకపోతున్నాను. రాజుల మీద మోజుతో కాదు, మా ఇంటి సంగతి ఒకటి నన్ను నిద్రపోనివ్వడం లేదు గనుక.

ఇది మొదలైంది మాత్రం ఫిజిక్సు క్లాసులోనే. 1610లో గెలీలియో తన దూరదర్శినితో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలను చూశాడని, వాటికి తన ప్రభువుల పేరిట 'మెడిచి నక్షత్రాలు' అని పేరు పెట్టాడని లెక్చరర్ గారు చెప్పారు. ఈ మెడిచి ఎవరండీ అని అడిగాను. "ఇటలీలో ఫ్లోరెన్సును ఏలిన వంశం. లైబ్రరీకి పోయి చదువుకో" అన్నారు. పోయి చదివాను.

వాళ్ళు పుట్టు రాజులు కారు, వడ్డీ వ్యాపారులు. 1397లో బ్యాంకు పెట్టారు. 1434 నాటికి, పేరుకు ఏ పదవీ లేకుండానే ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నారు. 1494లో ఊరివాళ్ళే తరిమేశారు, బ్యాంకూ మునిగింది. తిరిగి వచ్చారు, మళ్ళీ పోయారు, చివరికి ప్రభువులయ్యారు. కొందరు పోపులుగా కూర్చున్నారు, ఆడపిల్లలు ఫ్రాన్సుకు రాణులయ్యారు. అంతటి వంశంలో కడపటి ప్రభువు జాన్ గస్తోనె 1737లో సంతానం లేకుండా చచ్చిపోయాడు. ఆయన బతికి వుండగానే ఐరోపా రాజ్యాలు కూడబలుక్కుని, ఆ రాజ్యం ఎవరికి చెందాలో తీర్మానించేశాయి. ఇంటివాణ్ణి అడిగిన పాపాన పోలేదు. ఆకాశంలో పెట్టిన పేరు కూడా నిలవలేదు. ఇవాళ ఆ నాలుగు ఉపగ్రహాలనూ ఎవరూ మెడిచి పేరుతో పిలవరు.

చదివి పుస్తకం మూశాక ఒక ప్రశ్న పుట్టింది. ఎక్కడో ఇటలీలో వంశం ఎందుకు కూలిందో తెలుసుకున్నాను గదా, రోజూ బస్సులో కొండారెడ్డి బురుజు పక్కనుంచి పోయే నాకు కర్నూలు ఏలినవాళ్ళు ఏమైపోయారో తెలుసునా? తెలియదు. మీలో ఎంతమందికి తెలుసు? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి.

విజయనగరం 1565లో దెబ్బతిన్న తర్వాత, 17వ శతాబ్దం తొలి భాగంలో కర్నూలు బీజాపూర్ సుల్తానుల చేతికి వచ్చింది. వాళ్ళ తరఫున ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఇప్పటికీ హంద్రీ ఒడ్డున వుంది. ఆ బీజాపూర్ దర్బారులో దక్కనీ సర్దార్లు ఒక కట్టు, పఠాన్ సర్దార్లు ఒక కట్టు. పిల్లవాడైన సుల్తాను పేరు చెప్పుకుని వీళ్ళూ వాళ్ళూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఔరంగజేబు 1686లో ఆ కోట పట్టుకునేనాటికి లోపల బలం సగం ఖాళీ. అలా మొగలాయీల వశమైన కర్నూలు, పన్నీ తెగ పఠాన్ అయిన దావూద్ ఖాన్‌కు జాగీరుగా దక్కింది. కర్నూలు నవాబుల పుట్టుక అదీ. ఒక ఇంటి తగవు ఇంకొక ఇంటికి పునాదిరాయి అయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

దావూద్ ఖాన్ సామాన్యుడు కాడు. 1702లో మద్రాసు కోటను చుట్టుముట్టి ఇంగ్లీషువాళ్ళను నెలల తరబడి దిగ్బంధంలో పెట్టిన మొనగాడు. 1715లో బుర్హాన్‌పూర్ దగ్గర, ఢిల్లీ దర్బారు కుమ్ములాటల్లో భాగంగా జరిగిన యుద్ధంలో చనిపోయాడు. జాగీరు ఆయన అన్నదమ్ముల సంతతికి వచ్చింది.

తర్వాత చెప్పుకోవలసిన వాడు హిమ్మత్ బహదూర్ ఖాన్. 1748లో బుర్హాన్‌పూర్‌లో నిజాముల్ ముల్క్ పోయాడు. గద్దె కోసం కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ పట్టుపట్టారు. మేనమామకు ఇంగ్లీషువాళ్ళు, మేనల్లుడికి ఫ్రెంచివాళ్ళు తోడు. ఒక కుటుంబం తగవులోకి రెండు పరదేశపు కంపెనీలు దూరాయి. కర్నూలు, కడప, సవనూరు నవాబులు నాసిర్ జంగ్ సైన్యంలో వుంటూనే లోలోపల ఫ్రెంచివాళ్ళతో మంతనాలు సాగించారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర, ఏనుగు మీద వున్న నాసిర్ జంగ్‌ను హిమ్మత్ ఖాన్ తుపాకితో కాల్చాడు. ముజఫర్ జంగ్ నిజాము అయ్యాడు. అయితే పంపకంలో తమ పాలు చాలలేదని నవాబులు అలిగారు. రెండు నెలలు తిరగకుండానే, 1751 ఫిబ్రవరిలో కడప సీమలో రాయచోటి ప్రాంతాన మళ్ళీ కొట్టుకున్నారు. ముజఫర్ జంగూ చచ్చాడు, హిమ్మత్ ఖానూ చచ్చాడు. ఆ సైన్యమే తిరుగుదారిలో కర్నూలు మీద పడి, కోట పగలగొట్టి ఊరిని కొల్లగొట్టింది. ఎవరింటి తగవులోనో చెయ్యి పెట్టినందుకు ఏ పాపమూ ఎరుగని కర్నూలు జనం మూల్యం చెల్లించారు.

వంశం మాత్రం నిలిచింది. డబ్బు కట్టి ఊరు మళ్ళీ దక్కించుకున్నారు. 1800లో నిజాము మన సీమ జిల్లాలను కంపెనీకి వదిలేసినప్పుడు కర్నూలు నవాబు అలఫ్ ఖాన్ ఏటా కట్టవలసిన లక్ష రూపాయల పేష్కషు కూడా కంపెనీకి బదిలీ అయింది. ఆ లక్ష ఎక్కడనుంచి వచ్చేది? వానదేవుని దయమీద బతికే మెట్ట రైతు దగ్గరనుంచే గదా. అయినా గద్దె గద్దెగానే వుంది.

1815లో అలఫ్ ఖాన్ పోయాడు. పెద్దవాడు మునవ్వర్ ఖాన్ వుండగానే తమ్ముడు ముజఫర్ ఖాన్ కోట పట్టుకున్నాడు. అన్న ఏం చేశాడు? కంపెనీ దగ్గరకు పోయి నాకు న్యాయం చెయ్యమన్నాడు. కంపెనీ దండు వచ్చి కోటను ముట్టడించి, తమ్ముణ్ణి దించి అన్నను కూర్చోబెట్టింది. న్యాయం జరిగింది! కానీ ఆ రోజునుంచీ కర్నూలు గద్దెమీద ఎవరు కూర్చోవాలో చెప్పే పెద్దమనిషి కంపెనీ అయింది. 1823లో మునవ్వర్ ఖాన్ సంతానం లేకుండా పోయాడు. ముజఫర్ ఖాన్ వంతు వచ్చేసరికి భార్యను చంపాడన్న నేరంమీద ఆయనను బళ్ళారి కోటలో బంధించారు. మరొక తమ్ముడు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె ఎక్కించారు. ఆయనే ఆఖరువాడు. 1839లో కోటలో రహస్యంగా ఆయుధాలు పోగుచేస్తున్నాడని కంపెనీ సోదా చేయించింది. ఫిరంగులూ మందుగుండూ గుట్టలుగా దొరికాయి. ఆ అక్టోబరు 18న జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లి పంపారు. మరుసటి ఏడు అక్కడే ఒక మతోన్మాది చేతిలో హతుడయ్యాడు. రమారమి నూటయాభై ఏళ్ళ ఏలుబడి అలా ముగిసింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థులైన మిత్రులు నామీదికి రావచ్చు. "1839లో ఆయన తెల్లవాళ్ళను ఎదిరించాడు, అది నీ కంటికి ఆనలేదా?" అని. ఆనింది. ప్రవాసంలో దిక్కులేని చావు చచ్చిన మనిషిని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. "అన్నదమ్ములు కలిసి వున్నా కంపెనీ బలం ముందు నిలిచేవారా? 1799లో టిప్పు నిలిచాడా?" అని ఇంకొకరు అడగవచ్చు. బహుశా నిలవకపోదురు. అయితే నా మనవి ఒక్కటే. శత్రువు గోడ పగలగొట్టుకుని వస్తే అది వేరే సంగతి. కర్నూలులో అలా జరగలేదు. 1815లో ఇంటివాడే తలుపు తీసి, రండి, మా తగవు తీర్చండి అన్నాడు. 1839లో ఫిరంగులు ఎన్ని పోగుచేస్తే ఏం లాభం? కోట పోయింది ఇరవైనాలుగేళ్ళ క్రితమే.

ఇది చదువుతున్నప్పుడు పుస్తకంలో అక్షరాలు నాకు కనపడలేదు, మా బాయి కనపడింది.

మాది మంత్రాలయం దగ్గర పల్లె. తుంగభద్ర కూతవేటు దూరంలోనే పారుతుంది, మా చేలు మాత్రం మెట్ట. మా జేజినాయన తన ఇద్దరు కొడుకులు పుట్టకముందే, గడ్డపారలతో రాయి పగలగొట్టి బాయి తవ్వించాడు. మొదట్లో కపిలి తోలేవారట. పదకొండెకరాల్లో రెండెకరాలు ఆ నీళ్ళతో తడిసేది. మిగిలింది జొన్న, కొర్ర, ఆ తర్వాత పత్తి. కరువు ఏడు వచ్చినా ఆ రెండెకరాలు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేవి. పోయేముందు జేజినాయన మా నాయననూ చిన్నాయననూ పిలిచి, "చేను పంచుకోండి గాని బాయి పంచుకోవద్దండి" అన్నాడని మా జేజి చెబుతుంది.

చేను పంచారు. హద్దు సరిగ్గా బాయి మీదుగా పోయింది. నీళ్ళు మాత్రం రోజు మార్చి రోజు వంతు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఒక ఎండాకాలం మోటారు కాలింది. "నీ వంతు రోజున కాలింది, నువ్వే చుట్టించు" అని నాయన. "మొన్న నీ వంతులోనే వాసన వస్తాండె, నువ్వే చుట్టించు" అని చిన్నాయన. చుట్టించే ఖర్చు ఎంత? నాలుగు బస్తాల జొన్నల పాటి చెయ్యదు. దానికి పంచాయితీ పెట్టారు. పెద్దమనుషులు వచ్చారు, కూర్చున్నారు, భోంచేశారు, పోయారు. తెగలేదు. కోర్టుకు పోయారు. వాయిదాలకు డబ్బు కావాలి. పంచాయితీకి వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయనే ఇద్దరికీ అప్పిచ్చాడు. నాయన పాలులో ఒకటిన్నర ఎకరం, చిన్నాయన పాలులో ఒకటిన్నర ఎకరం, వెరసి మూడెకరాలు ఇప్పుడు ఆయన సేద్యం చేస్తున్నాడు. ఆయనమీద నాకు కోపం లేదు. పిలిస్తే వచ్చాడు. కంపెనీ కూడా పిలిస్తేనే వచ్చింది.

బాయి పాడుపడింది. ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు, అరవై అడుగుల ఎడంలో. ఇక్కడ నా సైన్సు చదువు కొంచెం ఉపయోగపడింది. బోరు లాగుతుంటే దాని చుట్టూ భూమిలోపలి నీటిమట్టం గరాటు ఆకారంలో కిందికి దిగుతుంది. రెండు బోర్లు దగ్గర దగ్గరగా వుంటే ఒక గరాటు ఇంకొక గరాటును మింగుతుంది. ఒకడు లోతుకు పోతే రెండోవాడు ఇంకా లోతుకు పోతాడు, చివరికి ఇద్దరికీ దుమ్మే. భూమిలోపలి నీటికి మన హద్దురాయి తెలియదు. ఈ మాట నాయనకు చెబితే "చదువుకున్నావు గదా, పోయి మీ చిన్నాయనకు చెప్పు" అన్నాడు.

ఇప్పుడు మిరపకాయ కోతల కాలంలో రెండు ఇళ్ళవాళ్ళూ గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ఎక్కేది ఒకే లారీ. అన్న ముందరి కొసన, తమ్ముడు వెనక కొసన. జేజి ఒక్కతే పల్లెలో రెండిళ్ళకూ తాళాలు కాస్తూ కూర్చుంటుంది.

ఇక మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

మొదటిది పోరుమామిళ్ళ చెరువు. కడప జిల్లాలో వున్న ఈ చెరువును విజయనగరపు సంగమ వంశీయుడు, బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించి, 1369లో శాసనం వేయించాడు. రెండేళ్ళపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని అందులో వుంది. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలు, వుండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించాడు. కట్ట నీరు కారడం, చవిటి నేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్ళు తక్కువై పారకం ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై పారకం తక్కువ కావడం అయిదు దోషాలు. ఇంకొకటి ఏమిటో తెలుసా? చెరువు రెండు రాజ్యాల హద్దులో వుండడం! ఆరున్నర శతాబ్దాల క్రితం మన సీమలో ఎవరో పెద్దలు దీన్ని లెక్క వేశారు. నేల దోషంతోపాటు మనుషుల దోషాన్ని కూడా ఇంజనీరింగు లెక్కలోనే కలిపారు. సంగమ వంశం 1485లో ముగిసింది. తర్వాతి సాళువ, తుళువ, ఆరవీటి వంశాలూ పోయాయి. చెరువు వుంది.

రెండవది మా మంత్రాలయం. దాని పాత పేరు మంచాల. ఆదవాని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఈ గ్రామాన్ని రాఘవేంద్రస్వామి వారికి ఇచ్చాడని మా వైపు అందరూ చెప్పుకుంటారు. స్వామివారు 1671లో ఇక్కడే బృందావన ప్రవేశం చేశారు. ఆ మసూద్ ఖాన్ పుట్టుకకు హబ్షీ, మతానికి ముస్లిం, బీజాపూర్ మంత్రిగా చేసినవాడు, ఇందాక చెప్పిన దక్కనీ కట్టుకు నాయకుడు. ఆయన ఆదవాని కోట 1688లో మొగలాయీల వశమైంది. పట్టుకున్నదంతా పోయింది. ఇచ్చేసింది మాత్రం నిలిచింది. ఆదవానిలో ఆయన కట్టించిన జామియా మసీదూ నిలిచింది. ఎందుకంటే అవి ఆయన వారసులు పంచుకునే ఆస్తుల జాబితాలో లేవు.

మూడవది, మొదట చెప్పిన మెడిచి వంశమే. కడపటి ప్రభువుకు ఒక అక్క వుంది, ఆన్నా మరీయా లూయిజా. అక్కాతమ్ముళ్ళకు పొసగేది కాదు. తనకూ పిల్లలు లేరు. రాజ్యం ఎలాగూ పరాయివాళ్ళ పాలయింది. అయినా ఆమె 1737లోనే కొత్త ప్రభువుతో ఒక ఒడంబడిక రాయించుకుంది. మూడొందల ఏళ్ళుగా తమ ఇంటివాళ్ళు కూడబెట్టిన చిత్రాలు, శిల్పాలు, పుస్తకాలు ఏ ఒక్కటీ ఫ్లోరెన్సు దాటి పోరాదు, అవి ఆ ఊరి సొత్తు అని. 1743లో ఆమె పోయింది. ఇవాళ ప్రపంచమంతా ఆ ఊరికి వెళ్ళి చూసేది ఆ సొత్తునే. వంశాన్ని నిలపడం ఆమె చేతిలో లేదు. పంచకూడనిది ఏదో ముందుగా గుర్తించి, రాతకోతలు చేసి పెట్టడం చేతిలో వుంది. ఆ పని చేసింది.

మా జేజినాయనకు కూడా అదే తోచింది. పాపం, ఆయన రాయించలేదు, నోటిమాటగా చెప్పి పోయాడు.

మిత్రులారా, వంశాలు ఎదగడానికి నూరు కారణాలు వుంటాయి. కూలడానికీ వుంటాయి. చరిత్ర లెక్చరర్లు నాకంటే బాగా చెబుతారు. నేను రైతు బిడ్డగా గమనించింది ఒక్కటే. పంచుకోదగినది, పంచుకోకూడనిది అని ఆస్తి రెండు రకాలు. ఈ తేడా మరచిన ఇల్లు నవాబుదైనా నాగలి పట్టినవాడిదైనా ఒకే దారిన పోతుంది. ఈ మాట ఇళ్ళకే కాదు, ఊళ్ళకూ వర్తిస్తుంది. ఊరి చెరువు ఏ వర్గానిది? బడి ఏ పార్టీది? మన విద్యార్థి సంఘంలో కూడా ఎన్నికలు అయిపోయాక లైబ్రరీ రీడింగు రూములో ఈ వర్గం బల్ల, ఆ వర్గం బల్ల అని ఎందుకు వుండాలి? ఓడినవాడు బయటి నాయకుణ్ణి పిలుచుకురావడం, గెలిచినవాడు ఇంకొక నాయకుణ్ణి పిలుచుకురావడం మనం ఎరగనిది కాదు. పిలిస్తే వాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళు భోంచేసి పోతే అదృష్టమే, పోకపోతే?

చివరగా ఒక మాట. మా చిన్నాయన కొడుకు కూడా ఈ కాలేజీలోనే చదువుతున్నాడు. ఒకే హాస్టలు. రెండేళ్ళుగా మెస్సులో ఎదురుపడితే తలలు పక్కకు తిప్పుకుంటున్నాం. మా నాయనల కేసు మాకూ వారసత్వంగా వచ్చినట్టుంది. ఈ సంచిక అందరితోపాటు వాడి చేతికీ వస్తుంది. తమ్ముడూ, ఇంతదాకా చదివి వుంటే, సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు బాయి దగ్గరకు రా. మోటారు చుట్టించేందుకు నా స్కాలర్‌షిప్పులో సగం దాచి పెట్టినాను. మిగతా సగం నువ్వు తే. నీళ్ళు ఇంకా వున్నాయో లేదో నాకు తెలీదు. పూడిక తీసి చూస్తే గదా తెలిసేది.